బిళ్ళల జంటలు – నాలుగవ పాఠం: ఏ బిళ్ళను వదలాలి?

బిళ్ళల జంటలంటే తెర మీద దొంతరలుగా పేర్చిన మాజాంగ్ బిళ్ళలను, జత కుదిరినవి రెండేసి కలిపి తీసేస్తూ ఖాళీ చేసే ఒంటరి ఆట. మూడవ పాఠం ప్రకారం దీనిని ఆడినవారిలో చాలామంది ఒకే మాట రాశారు: ఆట సాఫీగానే సాగుతోంది, తీరా నాలుగు బిళ్ళలు మిగిలిన చోట ఆగిపోతోంది. గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక పాఠకురాలు అలా ఆగిపోయిన ఆటను కాగితంపై గీసి మరీ పంపారు. ఆమె బొమ్మలో మిగిలినవి రెండు దొంతరలు (వెదురు, చుక్కలు అనేవి బిళ్ళల మీది బొమ్మలు, అంకె వాటి సంఖ్య). కుడి దొంతరలో పైన 7 వెదురు, దాని కింద 4 చుక్కలు. ఎడమ దొంతరలో పైన 4 చుక్కలు, దాని కింద 7 వెదురు. ఈ విడతలో పూల బిళ్ళలనూ ఋతువుల బిళ్ళలనూ వివరించాలని అనుకున్నాను కానీ, ఆ బొమ్మ చూశాక దానిని పక్కన పెట్టడం కుదరదనిపించింది. పూల సంగతి ఇంతే: బొమ్మలు వేరైనా ఏ పువ్వుకైనా ఏ పువ్వైనా జత అవుతుంది, ఋతువులకూ అదే నియమం, పువ్వుకూ ఋతువుకూ మాత్రం జత కుదరదు.

తాబేలు అమరిక, అంటే ఈ ఆటలో బిళ్ళలను ఐదు అంతస్తులుగా పేర్చే తీరు, దాని లెక్కను ఒకసారి గుర్తు చేసుకోండి. మొత్తం 144 బిళ్ళలు. కింది అంతస్తులో 87, ఆపైన 36, 16, 4, శిఖరాన 1. పూలు, ఋతువులు కాక మిగిలిన 34 రకాలలో ఒక్కొక్క రకానికి నాలుగేసి బిళ్ళలు ఉంటాయి. పైన ఏ బిళ్ళా లేకుండా, ఎడమ పక్కనో కుడి పక్కనో ఖాళీ ఉన్న బిళ్ళ మాత్రమే తీయడానికి వస్తుంది. ఆట మొదట్లో అలా వచ్చేవి 35. అంటే మొదటి నిమిషంలో జంటలు దొరకకపోవడమన్నది దాదాపు ఉండదు, అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఇక ఆ పాఠకురాలి బొమ్మ. ఆమె కూడా, ఉత్తరాలు రాసిన తక్కినవారు కూడా చివరి నాలుగైదు ఎత్తులలో తప్పు చేశామనుకుని, అండూ మీటను పదే పదే నొక్కి, కొంత వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడారు. దానివల్ల లాభం లేదు, ఎందుకంటే ఆ ఆట చివర్లో పోలేదు. బిళ్ళలు ఇంకా సగం ఉండగానే పోయింది. ఎలా పోయిందో మెల్లగా చూద్దాం. నాలుగు 7 వెదురు బిళ్ళలలో రెండు ఈ దొంతరలలో ఉన్నాయి కదా, తక్కిన రెండూ బయట, కింది అంతస్తు వరుసల కొసల్లో, చేతికి అందేలా ఉండి ఉంటాయి. 4 చుక్కలు కూడా అలాగే. తేలికగా దొరికాయి గనుక బయటి 7 వెదురు రెండింటినీ ఒకదానితో ఒకటి కలిపేశారు. కొంత సేపటికి బయటి 4 చుక్కలు రెండింటినీ అలాగే కలిపేశారు. ఆ రెండవ జంట తెర మీద నుంచి మాయమైన క్షణంలోనే ఆట ముగిసింది. కుడివైపు 7 వెదురుకు జత కావలసింది ఎడమ దొంతరలో 4 చుక్కల కింద ఉంది. ఆ 4 చుక్కలు కదలాలంటే దాని జత కుడి దొంతరలో అదే 7 వెదురు కింద ఉంది. మిర్చి యార్డులో పై టిక్కీ (మిర్చి బస్తా) దించకుండా అడుగు టిక్కీని లాగే హమాలీ ఎవరూ ఉండరు. ఇక్కడ రెండు దొంతరలలోనూ పై టిక్కీని దించే దారే లేదు. అయినా ప్రోగ్రాము ఆ సంగతి మనకు చెప్పదు, ఎందుకంటే కలపడానికి వేరే జంటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. పోయిన ఆటనే మనం ఇంకో పావుగంట శ్రద్ధగా ఆడుతూ ఉంటాం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆమె మొదట చేసిన పనిని మాత్రమే చేసి, అంటే బయటి 7 వెదురు రెండింటినీ కలిపి, 4 చుక్కల విషయంలో ఆగి ఉంటే ఆట బతికేది. బయటి 4 చుక్కలలో ఒకదానిని ఎడమ దొంతర పైనున్న 4 చుక్కలతో కలిపితే, పక్క కూడా ఖాళీ అయిన వెంటనే దాని కిందున్న 7 వెదురు బయటపడుతుంది; అది కుడి దొంతర పైనున్న 7 వెదురుతో పోతుంది; దాని కిందున్న 4 చుక్కలు బయట మిగిలిన 4 చుక్కలతో పోతాయి. అందుచేత ఒక రకంలో బయటి రెండింటినీ కలిపినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. అలా కలిపిన రకానికి సంబంధించిన తక్కిన రెండు బిళ్ళలూ ఎక్కడున్నాయో తెలియకుండానే ఇంకో రకంలోనూ అదే పని చేయడం ప్రమాదం. ఇక ఒకే రకం బిళ్ళలు రెండు ఒకే దొంతరలో ఒకదానిపై ఒకటి ఉంటే మాత్రం ఆ ఒక్క పొరపాటే చాలు: బయటి రెండింటినీ కలిపేస్తే పైదానికి జత దాని కిందనే ఉండిపోతుంది, ఇక అది ఎప్పటికీ రాదు.

"కిందున్నది కనబడదు కదా, ఎలా తెలుస్తుంది?" అని కొందరు అడిగారు. కనబడదు, కానీ లెక్కకు అందుతుంది. ఒక రకంలో రెండు పోయి, ఒకటి కంటికి కనబడుతూ, నాలుగవది ఎక్కడా కనబడకపోతే, అది ఏదో ఒక దొంతరలో కింద ఉన్నట్టే. అన్ని రకాలనూ ఇలా లెక్క పెట్టమని నేను చెప్పను, నేనూ పెట్టను. గాలులు నాలుగు, డ్రాగన్లు మూడు, ఈ ఏడు రకాల 28 బిళ్ళలను మాత్రమే మనసులో ఉంచుకుంటాను. వాటి బొమ్మలు ప్రత్యేకంగా ఉంటాయి గనుక గుర్తు తేలిక. తెల్ల డ్రాగన్ చాలా ఆటల్లో ఖాళీ బిళ్ళలాగో ఉత్త చట్రంలాగో కనబడుతుంది, దానిని బొమ్మ లేని బిళ్ళ అనుకుని వదిలేయకండి. అలాగే 1 వెదురు పైన వెదురుకు బదులు పక్షి బొమ్మ ఉంటుంది.

మూడవ పాఠంలోని నియమాన్ని ఇప్పుడు సరిగ్గా చెప్పుకోవచ్చు. ఒకే రకం బిళ్ళలు మూడు తీయడానికి వచ్చినప్పుడు, తక్కువ బిళ్ళలకు అడ్డంగా ఉన్నదానిని వదలండి. ఉదాహరణకు తాబేలు ఎడమ కొసన ఒంటిగా ఉండే బిళ్ళ నడిమి రెండు వరుసలకూ, అంటే పన్నెండేసి బిళ్ళల వరుసలు రెండింటికీ, ఎడమ దారిని మూసి ఉంచుతుంది. కుడి కొసన ఒకదాని పక్కన ఒకటి ఉన్న రెండు బిళ్ళలూ ఆ వరుసలకే కుడి దారిని మూస్తాయి. ఆ మూడింటిలో ఏది జంటలోకి వచ్చినా నేను మరో ఆలోచన లేకుండా తీసేస్తాను. కింది అంతస్తులో అన్నిటికన్నా పై వరుస చివరి బిళ్ళ ఒక్క పక్క బిళ్ళకే అడ్డు, దానిని వదలడంలో నష్టం తక్కువ. నాలుగూ ఒకేసారి తీయడానికి వస్తే ఆలోచించడానికేమీ లేదు.

హింట్ మీట గురించి అడిగినవారికి నా సమాధానం: వాడకండి. అది తీయడానికి వచ్చే జంట ఏదో ఒకటి చూపుతుంది. ఆ జంట తీస్తే తరవాత ఏమవుతుందో సాధారణంగా చూడదు. అది చూపినదల్లా కలుపుతూ పోతే, పైన చెప్పిన ఉచ్చులోకి మరింత వేగంగా వెళతాం.

ఇంకొక సంగతి, ఇది పాత అరచేతి కంప్యూటర్ల మీద ఆడేవారికి. 1996లో వచ్చిన తొలి పామ్ పైలట్ తెర నిలువు, అడ్డం కూడా 160 పిక్సెళ్ళే (తెర మీద బొమ్మను కూర్చే అతి చిన్న గడులు). తాబేలు వెడల్పు 15 బిళ్ళలు గనుక ఒక్కొక్క బిళ్ళకు దక్కేది అడ్డంగా పది పిక్సెళ్ళ చోటు. అంత ఇరుకులో 6 చుక్కలకూ 8 చుక్కలకూ తేడా తెలియక జత కలవలేదని విసుక్కుంటాం. స్టైలస్ మొనతో ఒకదానిని తాకి, అది నల్లబడ్డాక రెండవదానిని చూడండి. పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం ఇవ్వని ఆటలో నేను ఎంచుకున్న పద్ధతి ఇది. ఫోను మీద ఆడేవారికి ఈ బాధ లేదు.

అన్ని ఆటలూ గెలవదగినవి కావని కూడా తెలుసుకోండి. బిళ్ళలను యాదృచ్ఛికంగా పేర్చిన తాబేలు అమరికలలో, కిందున్నవన్నీ ముందే తెలిసినా పూర్తి చేయలేనివి నూటికి సుమారు మూడు ఉంటాయి. మీరు ఓడిన ఆట ఆ మూడింటిలోదేనని మాత్రం అనుకోవద్దు.

అభ్యాసం. కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర ప్యాసింజర్ రైలు ఆగినప్పుడు ఆడే ఆట దీనికి పనికిరాదు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని ఇంట్లో కూర్చోండి. హింట్, అండూ రెండూ ముట్టకుండా ఒక ఆట ఆడి, గాలులలోగానీ డ్రాగన్లలోగానీ ఒక జంట కలిపిన ప్రతిసారీ ఆ రకం పేరు, తక్కిన రెండు కనబడుతున్నాయో లేదో, కనబడితే ఏ అంతస్తులో ఉన్నాయో రాయండి. ఆట ఆగిపోతే మిగిలిన దొంతరలను పై నుంచి కిందికి గీయండి. కింది బిళ్ళలను ప్రోగ్రాము చూపకపోతే లెక్క నుంచి ఊహించి రాయండి. తరువాత అదే పేర్పును మొదటి నుంచి ఆడించే వీలు మీ ప్రోగ్రాములో ఉంటే, ఏ జంట దగ్గర ఆట పోయిందో వెతికి పట్టుకుని, ఆ ఒక్క ఎత్తునూ నాకు రాసి పంపండి. ఆగిపోయిన చివరి బొమ్మ ఒక్కటే పంపితే ఈసారి జవాబు రాయను.