కలిగులా సినిమా చూడాలా వద్దా: ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుంటే మనం ఎలా తేల్చుకోవాలి

రోమన్ చక్రవర్తి కలిగులా కథతో 1979లో వచ్చిన కలిగులా సినిమా గురించి చూసినవాళ్లను అడిగి చూడండి. ఒకరు అసలు దాన్ని సినిమా అనొద్దంటారు. ఇంకొకరు అధికారం మనిషిని ఎలా తినేస్తుందో ఇంత ధైర్యంగా ఎవరూ చూపించలేదంటారు. మూడో ఆయన బూతు సంగతి పక్కన పెట్టండి, నాకైతే బోర్ కొట్టింది అని తేల్చేస్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. ఒకసారి స్నేహితుడితో ఈ సినిమా మీద గంటసేపు వాదించాక తెలిసింది, అతను చూసింది రెండు గంటలు కూడా లేని కాపీ, నేను చూసింది రెండున్నర గంటలు దాటినది. నేను తిడుతున్న సీన్లు అతను చూడనేలేదు, పాపం! అప్పటి నుంచి ఈ సినిమా మీద ఎవరేం చెప్పినా ముందు కొన్ని సంగతులు కనుక్కున్నాకే నమ్ముతున్నాను, అవే ఇక్కడ రాస్తున్నాను. ఇది పూర్తిగా పెద్దవాళ్ల సినిమా, పిల్లలు తిరిగే హాల్లో పెట్టుకుని చూసేది కాదు, ఆ విషయంలో మాత్రం ఎవరికీ రెండో అభిప్రాయం లేదు.

మొట్టమొదట నిడివి అడగండి. 1980 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో విడుదలైన పూర్తి సినిమా 156 నిమిషాలు. మరుసటి ఏడాది మామూలు థియేటర్ల కోసం సెక్స్ సీన్లు, రక్తపాతం కత్తిరించి దాదాపు 105 నిమిషాలకు కుదించారు, అంటే ముప్పావుగంటకు పైగా పోయింది. ఇవి కాక ఒక్కో దేశంలో సెన్సార్ కత్తెర ఒక్కోలా పడింది. 2023లో కేన్స్‌లో చూపించి ఆ తర్వాతి ఏడాది విడుదల చేసిన 'అల్టిమేట్ కట్' 178 నిమిషాలు. థామస్ నెగోవన్ అనే ఆయన 90 గంటలకు పైగా ఉన్న పాత నెగెటివ్‌లు వెతికి, అప్పట్లో వాడకుండా వదిలేసిన షాట్లతో దాన్ని మళ్లీ కూర్చాడు, సంగీతం కూడా కొత్తగా చేయించాడు. అవే సెట్లు, వాళ్లే నటులు, కానీ సినిమా వేరు. కాబట్టి ఒక రివ్యూలో కలిగులా భార్యగా వేసిన హెలెన్ మిరెన్‌కు మంచి పాత్ర దక్కిందని, ఇంకో దాంట్లో ఆమెను ఉత్తినే నిలబెట్టారని కనిపిస్తే ఇద్దరిలో ఒకరికి కళ్లు లేవనుకోకండి, బహుశా ఒకరు కొత్తది చూసి ఉంటారు, ఇంకొకరు పాతది. రివ్యూ రాసిన తేదీ చూస్తే సగం అర్థమైపోతుంది, 2023కు ముందుదైతే కొత్త కూర్పు గురించి కాదు.

తర్వాత తెలుసుకోవాల్సింది ఈ సినిమా ఎవరిది అన్నది, ఇక్కడ కాస్త ఓపిగ్గా ఉండండి, ఎందుకంటే ప్రేక్షకుల గొడవకు మూలం ఇదే. కథ రాసింది అమెరికా రచయిత గోర్ విడాల్. ఆయన దృష్టిలో కలిగులా మామూలు కుర్రాడు, అడ్డూ అదుపూ లేని అధికారం చేతికొచ్చి పాడైపోయాడు. దర్శకుడు టింటో బ్రాస్ అలా అనుకోలేదు, వాడు పుట్టుకతోనే రాక్షసుడు అన్నది ఆయన లెక్క, స్క్రిప్ట్ కూడా ఆ ప్రకారం మార్చుకున్నాడు. డబ్బు పెట్టినది పెంట్‌హౌస్ పత్రిక యజమాని బాబ్ గుచ్చియోనే, ఖర్చు 1.75 కోట్ల డాలర్ల దాకా అయిందంటారు, ఆయనకు తన పత్రికలో ఉండే సెక్స్ పెద్ద తెర మీద కావాలి. 1976లో రోమ్‌లో షూటింగ్ అయింది, ఆ తర్వాత గుచ్చియోనే ఎడిటింగ్ గదిలోకి బ్రాస్‌ను రానివ్వలేదు, జాన్‌కార్లో లూయితో కలిసి తనే కొన్ని అసలు సిసలు సెక్స్ సీన్లు విడిగా తీసి మధ్య మధ్యలో అతికించాడు. స్క్రిప్ట్ మార్చేశారని విడాల్ అప్పటికే తన పేరు తగ్గించుకున్నాడు, ఇప్పుడు బ్రాస్ కూడా తన పేరు వద్దన్నాడు, చివరికి టైటిల్స్‌లో దర్శకత్వం అని ఎవరి పేరూ లేదు, బ్రాస్ పేరు పక్కన ప్రధాన చిత్రీకరణ అని మాత్రమే పడింది. కొత్త కూర్పు వచ్చినప్పుడు కూడా అది నాది కాదనే అన్నాడు బ్రాస్.

ఇప్పుడు రివ్యూలు మళ్లీ చదవండి. అధికారం గురించిన గొప్ప సినిమా అన్నవాళ్లు విడాల్ సినిమా చూశారు. పిచ్చి పిచ్చిగా ఉన్నా కళ్లు తిప్పుకోలేకపోయామన్నవాళ్లు బ్రాస్ సినిమా చూశారు. రోత అన్నవాళ్లకు గుచ్చియోనే సినిమా కనబడింది. మూడూ ఒకే రీలులో ఉన్నాయి, ఒకదానితో ఒకటి కలవకుండా.

అతికించిన సీన్లను గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు, ఒకసారి అలవాటైతే చాలు. ప్రధాన నటులు ఎవరూ ఆ ఫ్రేములో ఉండరు, ఉన్నట్టుండి వెలుతురు మెత్తబడుతుంది, కథ అక్కడే ఆగి నిలబడుతుంది, మళ్లీ కట్ చేయగానే కలిగులాగా వేసిన మాల్కం మెక్‌డొవెల్ ముఖం కనబడుతుంది కానీ ఇందాకటి సీనుతో దానికి సంబంధం ఉండదు. మొత్తం కలిపితే కొద్ది నిమిషాలే. అయినా చూసినవాళ్లకు సినిమా అంటే అవే గుర్తుండిపోయాయి. కాబట్టి ఎవరైనా బూతు తప్ప ఏమీ లేదంటే ఏ సీను అని అడగండి. సీను చెప్పగలిగితే వాళ్ల మాటకు విలువ ఇవ్వండి, ఛీ అని ఊరుకుంటే ఇవ్వకండి. పొగిడేవాళ్లకూ ఇదే పరీక్ష పెట్టండి, కళాఖండం అన్నంత మాత్రాన సరిపోదు, ఎక్కడో చెప్పాలి.

నన్ను అడిగితే నేను చెప్పే సీను మొదటి భాగంలో కాప్రి దీవి మీద వస్తుంది. కలిగులాకు ముందు చక్రవర్తి, ముసలి టైబీరియస్‌గా పీటర్ ఓటూల్, ముఖమంతా పుండ్లతో. ఆయన చిరకాల మిత్రుడు నెర్వాగా జాన్ గీల్‌గుడ్, మణికట్టు కోసుకుని స్నానపు తొట్టిలో పడుకుని ఉంటాడు. ప్రపంచాన్నంతా శాసించే మనిషి ఆ తొట్టి పక్కన చేరి చావొద్దని బతిమాలతాడు, నెర్వా వినడు, ఎందుకంటే రాబోయే రోజులు ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు. ఆ తర్వాత కుర్ర కలిగులా దగ్గరికొచ్చి చావు ఎలా ఉందని అడుగుతాడు, జాలితో కాదు, కుతూహలంతో. అక్కడ బట్టలు, బూతు, డబ్బు ఏదీ గుర్తురాదు. ఇద్దరు గొప్ప నటులు, నీళ్లు, రక్తం, అంతే. ఈ సీను కూడా తీసిపారేసేవాళ్లతో నేను వాదించను, కానీ వాళ్ల సలహా మీద సినిమాలు ఎంచుకోను.

మరీ తీవ్రంగా ఉన్న అభిప్రాయాలను చూసి భయపడకండి, పారేయకండి కూడా. అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దీనికి సున్నా స్టార్లు ఇచ్చాడు, రెండు గంటలు చూసి లేచి వచ్చేశానని రివ్యూలోనే రాశాడు. నాకు ఆయన తీర్పు పూర్తిగా ఒప్పుదల కాదు, కానీ ఎంతవరకు చూశాడో దాచలేదు, రివ్యూ రాసేవాళ్లలో నేను వెతికేది అదే. బోస్టన్‌లో ఈ సినిమా కోర్టుకెక్కింది. ఇందులో కళ విలువ లేదు, కామం రేపేలానే ఉంది అని జడ్జి ఒప్పుకుంటూనే, రోమ్ పాలన ఎంత కుళ్లిపోయిందో చూపించింది కనుక రాజకీయ విలువ ఉంది, అశ్లీలం కింద నిషేధించలేం అని తేల్చాడు. ఒకే తీర్పులో రెండు వాదాలూ! నా ఉద్దేశంలో ఈ సినిమా మీద వచ్చిన అన్నింటిలో సరైన రివ్యూ అదేనేమో.

చరిత్ర ప్రకారం ఉందా లేదా అన్న పేచీ ఇంకోటి ఉంది. దీన్ని తొందరగా తేల్చుకోవచ్చు. అసలు కలిగులా క్రీ.శ. 37లో 24 ఏళ్ల వయసులో చక్రవర్తి అయ్యాడు, నాలుగేళ్లు కూడా నిండకుండా 41 జనవరిలో కాసియస్ కేరియా అనే అంగరక్షక అధికారి, తోటివాళ్లు కలిసి చంపేశారు. భార్య కేసోనియాను, పసిబిడ్డను కూడా వదల్లేదు. అంతవరకు సినిమా దారిలోనే ఉంది. కానీ మనకు తెలిసిన ఘోరాల్లో చాలా భాగం రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాసినవి, ఆయన రాసింది దాదాపు 80 ఏళ్ల తర్వాత. ఇంకో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన చరిత్రలో కలిగులా పాలన భాగం అసలు దొరకనే లేదు. తన గుర్రాన్ని కాన్సుల్ (రోమ్‌లో పెద్ద పదవి) చేశాడని ఎవరైనా రాస్తే, చేయాలనుకున్నాడని చెప్పుకునేవారని మాత్రమే సూటోనియస్ అన్నాడని గుర్తుపెట్టుకోండి. మెడ దాకా పూడ్చిన మనుషుల తలలు కోసుకుంటూ వచ్చే ఆ ఎర్రటి గోడ యంత్రం, పోస్టర్ కన్నా ఎక్కువగా గుర్తుండేది, అది పూర్తిగా సినిమావాళ్ల ఊహ. అందులో చచ్చిపోయే అంగరక్షక దళాధిపతి మాక్రో నిజానికి బలవంతపు ఆత్మహత్యతో పోయాడు. నెర్వా కూడా తొట్టిలో చనిపోలేదు, అన్నం నీళ్లు మానేసి ప్రాణం వదిలాడని టాసిటస్ రాశాడు, అదీ కలిగులా గద్దెనెక్కడానికి నాలుగేళ్ల ముందు. కాబట్టి ఇందులో చరిత్ర పాఠం వెతుక్కుని తిట్టకండి, చరిత్ర నేర్చుకున్నామనీ చెప్పకండి.

ఇక మీ సంగతి. చూసే ముందు మీరు ఏది తట్టుకోలేరో నిజాయితీగా చెప్పుకోండి. నగ్నత్వం ఒక సంగతి, చిత్రహింస ఇంకో సంగతి, బలాత్కారం పూర్తిగా వేరే సంగతి. ఒక పెళ్లి సీనులో కలిగులా వధువునూ వరుడినీ ఇద్దరినీ చెరుస్తాడు, కత్తిరించిన కాపీలో తప్ప తప్పించుకోలేరు, కొత్త కూర్పు మర్యాదగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి, గుచ్చియోనే అతికించినవి పోయినంత మాత్రాన హింస పోలేదు. అలాంటిది మీ జీవితంలో ఎక్కడైనా తగిలి ఉంటే ఈ సినిమా చూడకపోయినా ఏమీ కోల్పోరు, ఇది నేను మొహమాటానికి చెప్పడం లేదు. చూడాలనుకుంటే మొదటిసారికి 178 నిమిషాలది పెట్టుకోండి, ఒక్క బిగిన కాకుండా టైబీరియస్ చనిపోయిన చోట ఆపి రెండో రోజు మిగతాది చూడండి. డనీలో డొనాటి వేసిన సెట్ల కోసం వీలైనంత పెద్ద తెర మీద చూడండి, నచ్చనివాళ్లు కూడా వాటి గురించి మంచిగానే మాట్లాడతారు. ఒంటరిగా అయినా పర్లేదు, లేదా మధ్యలో ఆపేద్దామంటే సరే అనే మనిషితో. ఆపితే చివరిదాకా చూడలేకపోయావా అని ఎగతాళి చేసేవాళ్లతో మాత్రం వద్దు.

చూశాక మీరూ ఎక్కడో ఒకచోట నాలుగు ముక్కలు రాస్తారు కదా. రాత్రికి రాత్రి రాయకండి, ఒక రోజు ఆగండి, తెల్లారేసరికి ఏ సీను మిగిలిందో చూసుకుని మొదలుపెట్టండి. ఏ నిడివిది చూశారో మొదటి లైన్లోనే పెట్టండి, మధ్యలో ఆపి ఉంటే ఎక్కడ ఆపారో చెప్పండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. నేను నా నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇంతే: 156 నిమిషాలది, పెళ్లి సీను తప్ప చివరిదాకా చూశాను, నెర్వా తొట్టి సీను ఎన్నిసార్లయినా చూస్తాను, పెళ్లి సీను వచ్చేసరికి రెండోసారి కూడా లేచి బయటికి వెళ్లిపోయాను.