తెల్లవారుజామున హైవే ఎక్కే స్వాములకు

కార్తీకం వచ్చిందంటే సింగరాయకొండ, కావలి వైపు హైవే అంచున నల్లబట్టల స్వాములు కనపడతారు. నిజానికి కనపడరు, నా భయమే అది. పోయినేడు తెల్లారకముందే కారులో నెల్లూరు వస్తుంటే మంచులో ముందు ఒక తెల్ల తువ్వాలు కనపడింది. అది ఒక స్వామి భుజాన ఉందని పక్కకొచ్చాకే తెలిసింది.

లారీ లైట్లు మనకు కిలోమీటరు నుంచే కనపడతాయి కాబట్టి డ్రైవరుకి మనమూ కనపడుతున్నామనుకుంటాం. డిమ్ లైట్లో నల్లబట్ట మనిషి 30 మీటర్ల దగ్గరకొస్తేగానీ ఆనడు. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి పోయేసరికే దూరం అయిపోతుంది.

అందుకే రేడియం టేపు కొనుక్కోండి. లారీలకు స్టిక్కర్లు వేసే షాపుల్లో దొరుకుతుంది. సంచికి ఒక్కదానికే కాదు, రెండు కాళ్ల మడమల పైనా చుట్టుకోండి. వెలుగు కదులుతుంటే అది మనిషని డ్రైవరుకి చప్పున తెలుస్తుంది. నల్లబట్ట మీద తెల్ల తువ్వాలు కప్పుకుంటే దీక్షకేం భంగం కాదు, అనుమానముంటే గురుస్వామినే అడగండి.

సర్వీసు రోడ్డు ఉన్నంతమేరా దాని మీదే నడవండి. లేనిచోట బండ్లు ఎదురుగా వచ్చే వైపు, తారు దిగి మట్టి మీద. దక్షిణానికి పోతుంటే చెన్నై నుంచి వచ్చే బండ్లు మనకు ఎదురవ్వాలి. జట్టుగా ఉంటే ఒకరి వెనక ఒకరు నడవాలి, ముందు స్వామి చేతిలో ఒక టార్చి, చివరి స్వామి చేతిలో ఒకటి. శరణుఘోష గొంతుతో చెప్పుకోండి, ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

డివైడర్ మీది గన్నేరు పొదల్లోంచి దూరి దాటొద్దు. అండర్‌పాస్ దాకా నడవడం బద్ధకమే, తెలుసు. నడవండి. రాంగ్ రూట్లో వచ్చే బైకులు మన దగ్గర తక్కువేం కాదు, ఎక్కడ దాటినా రెండు వైపులా చూడాలి. ఆగిన లారీ వెనక కూర్చుని కాళ్లు నొక్కుకోవద్దు. మంచు మరీ దట్టంగా ఉంటే గుళ్లోనో టీకొట్టు దగ్గరో ఆగి, ఎండ వచ్చాక కదలండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి, హైవే మీదైతే 1033కి కూడా ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లను కేసులో ఇరికించకుండా 2019 సవరణతో మోటారు వాహన చట్టంలోనే రక్షణ ఉంది. గుద్దిన బండి ఆగకుండా పోయి, దొరక్కపోయినా పరిహారం వస్తుంది: ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. అందుకని ముందు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించండి.