లారీగా మారే రోబో బొమ్మను పరీక్షించే పద్ధతి

రోబో బొమ్మను చేతిలోకి తీసుకున్నవారిలో ఎక్కువమంది మొదట దాన్ని నిలబెట్టి, ముఖం ఎలా ఉందో, చేతులు ఎంతవరకు లేస్తున్నాయో చూసి అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. లారీగా మారే బొమ్మ విషయంలో ఈ క్రమం పనికిరాదని నా అభిప్రాయం. రోబోలో ఉన్న వంకరను ఒక మంచి భంగిమ కప్పిపుచ్చగలదు; లారీకి భంగిమలు ఉండవు. నాలుగు పలకలు ఒకదానితో ఒకటి కలవకపోయినా, ఒక చక్రం నేలకు అందకపోయినా అది వెంటనే కంటికి తెలిసిపోతుంది. అందుచేత ముందు లారీని, తరువాత రూపం మారే దారిని, చివరగా రోబోను చూడాలి. ఈ మూడింటిలోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది నడిమి దానిపైనే, ఎందుకంటే నిలబడే బొమ్మలూ దొర్లే బండ్లూ విడివిడిగా ఎన్నైనా దొరుకుతాయి, మనం ఇక్కడ డబ్బు పెడుతున్నది ఆ దారికే.

ఉదాహరణకు అందరికీ తెలిసిన ఆప్టిమస్ ప్రైమ్‌నే తీసుకుందాం. జపాన్‌కు చెందిన టకారా సంస్థ డయాక్లోన్ అనే బొమ్మల వరుసలో 1983లో విడుదల చేసిన బాటిల్ కాన్వాయ్‌నే అమెరికా సంస్థ హాస్‌బ్రో 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో ఆప్టిమస్ ప్రైమ్‌గా అమ్మింది. ఆ లారీకి ముందుకు పొడుచుకు వచ్చిన ముక్కు లేదు. మన రోడ్ల మీద తిరిగే చాలా లారీల మాదిరిగానే డ్రైవరు ఇంజన్ మీద కూర్చునే చదునైన ముఖం. అప్పట్లో అమెరికాలో లారీ మొత్తం పొడవుపై పరిమితులు ఉండేవి కనుక క్యాబిన్ ఎంత పొట్టిగా ఉంటే ట్రైలర్‌కు అంత చోటు మిగిలేది. అక్కడి 1982 నాటి చట్టం ఆ లెక్కను మార్చడంతో పొడవాటి ముక్కు ఉన్న లారీలు పెరిగాయి. బొమ్మను పరీక్షించేవారికి ఈ చరిత్ర అనవసరం అనిపించవచ్చు గానీ, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. చదునైన ముఖం ఉన్న లారీలో ముందు అద్దాలు నేరుగా రోబో ఛాతీ అయిపోతాయి. 2007 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో వాడిన పీటర్‌బిల్ట్ 379 వంటి ముక్కు లారీ అయితే, ఆ పొడవాటి బానెట్‌ను రోబో ఒంట్లో ఎక్కడో ఒకచోట దాచాలి. కాబట్టి చేతిలో ఉన్నది ఏ రకం లారీయో తెలుసుకోకుండా, ‘వీపు మీద మూట ఎక్కువగా ఉంది’ అని తప్పు పట్టడం న్యాయం కాదు.

లారీ పరీక్షకు సమతలంగా ఉన్న గాజు బల్ల గానీ నున్నటి గచ్చు గానీ కావాలి. పరుపు మీదో చాప మీదో పెట్టి చూస్తే ఏమీ తెలియదు. క్యాబిన్ భాగాన్ని బల్ల మీద పెట్టి ఒక్కొక్క చక్రం కింద సన్నని కాగితపు ముక్కను జరిపి చూడండి. కాగితం అడ్డు లేకుండా దూరిపోతే ఆ చక్రం గాలిలో ఉన్నట్టే. వెనుక చక్రాలు సాధారణంగా రోబో కాళ్లలో ఉంటాయి కాబట్టి, మోకాలి కీలు పూర్తిగా ముడుచుకోకపోయినా, రెండు కాళ్లు ఒకదానితో ఒకటి సరిగా బిగుసుకోకపోయినా ఆ సంగతి ఇక్కడే బయటపడుతుంది. తరువాత బండిని వేలితో నెట్టి, తిన్నగా పోతుందో ఒక పక్కకు లాగుతుందో చూడాలి. ఆ పైన క్యాబిన్ పైకప్పును రెండు వేళ్లతో పట్టి ఎత్తి మెల్లగా ఊపండి. మంచి బొమ్మ ఒకే ముద్దలా లేస్తుంది. తక్కువ రకం బొమ్మలో తలుపులు విచ్చుకుంటాయి, కాళ్లు వేలాడతాయి.

పలకల మధ్య సందులను చూసేటప్పుడు రెండు రకాల సందులను వేరు చేసి చూడడం అవసరం. మడత పడటానికి తప్పనిసరిగా విడిచిన గీత మొదటిది. అది నిటారుగా, రెండు పక్కలా ఒకే వెడల్పుతో ఉంటుంది. బొడిపె తన గుంటలో పూర్తిగా దిగకపోవడం వల్ల ఏర్పడిన ఖాళీ రెండవది. అది ఒక చివర సన్నగా, మరొక చివర వెడల్పుగా కనిపిస్తుంది. మొదటిది రూపకర్త నిర్ణయం, రెండవది తయారీ లోపం లేదా మన తొందరపాటు. రెండవ రకం సందు కనిపించిన వెంటనే బొమ్మను నిందించకుండా, రెండు అడుగులు వెనక్కి వెళ్లి ఆ మడతను మళ్లీ చేయాలి, ఎందుకంటే లోపల ఒక చేయి అర అంగుళం పక్కకు జరిగి ఉన్నా బయట తలుపు మూసుకోదు. రంగుల తేడాను కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఎర్రటి ప్లాస్టిక్‌తోనే పోసిన భాగానికీ, పారదర్శకమైన ప్లాస్టిక్ మీద ఎర్ర రంగు పూసిన భాగానికీ మధ్య తేడా పగటి వెలుతురులో ఒకలా, ట్యూబులైటు కింద మరొకలా కనబడవచ్చు కనుక రెండింటిలోనూ చూడాలి.

ఇక రూపం మార్చడం. దీన్ని కనీసం మూడుసార్లు చేయకుండా మంచిచెడ్డలు తేల్చకూడదు. మొదటిసారి సూచనల కాగితాన్ని పక్కన పెట్టుకుని, అందులోని బొమ్మల ప్రకారమే చేయాలి. ఆ ప్రయత్నంలో పట్టిన సమయాన్ని గానీ కలిగిన విసుగును గానీ లెక్కలోకి తీసుకోవద్దు. రెండవసారి కాగితం లేకుండా చేయాలి. ఎక్కడ ఆగిపోయారో గుర్తుంచుకోండి: మరచిపోయి ఆగితే అది మీ సంగతి, ఏ భాగం ఎటు తిరగాలో చేతికి తెలియక ఆగితే అది రూపకల్పనలోని లోటు. మంచి రూపకల్పనలో ఒక మడత పూర్తి కాగానే తరువాతి భాగానికి దారి తెరుచుకుంటుంది, చేతికి అదే తెలుస్తుంది. మూడవసారి ఒక వారం గడిచాక చేయాలి. కొత్తలో బిగువుగా ఉన్న కీళ్లు అప్పటికి తమ అసలు స్వభావాన్ని చూపుతాయి.

ఈ పని చేసేటప్పుడు చెవిని కూడా వాడుకోవాలి. పళ్ల చక్రం ఉన్న కీలు టకటకమంటూ అంచెలంచెలుగా తిరుగుతుంది, బరువును బాగా మోస్తుంది. భుజాలకూ తుంటికీ అది మంచిది. రాపిడి మీద ఆధారపడిన కీలు చప్పుడు లేకుండా తిరుగుతుంది, ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది, అయితే కాలక్రమేణా వదులవుతుంది. గుండ్రటి తల ఉన్న బంతి కీలు ఎటైనా తిరుగుతుంది గానీ, ఎక్కువ లాగితే ఊడి చేతికి వస్తుంది. ఊడినంత మాత్రాన విరిగినట్టు కాదు, తిరిగి నొక్కితే ఎక్కుతుంది. ‘కరకర’ అనో ‘పిచ్’ అనో పొడి చప్పుడు వినిపిస్తే మాత్రం అక్కడే ఆగిపోవాలి. మడత పడే చోట ఎర్ర ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చ తేలిందంటే ఆ భాగం తన శక్తికి మించి వంగుతోందని అర్థం, అది పగలడానికి ఇక ఎక్కువ కాలం పట్టదు. ముఖ్యంగా అద్దాల కోసం వాడే పారదర్శక ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. దానిలోనుంచి ఇనుప పిన్ను దూర్చి తలుపును వేలాడదీసిన బొమ్మలలో ఆ పిన్ను చుట్టూ సన్నని పగులు గీతలు ఉన్నాయేమో భూతద్దంతో చూడడం మంచిది. బిగుసుకుపోయిన కీలును బలవంతంగా తిప్పకుండా, హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వెచ్చచేసి తిప్పండి. చలికాలపు ఉదయాన పార్శిల్ విప్పిన వెంటనే రూపం మార్చడానికి తొందరపడవద్దు. కీళ్లలో నూనె పోయాలనుకునేవారు సిలికాన్ గ్రీజునే వాడాలి. ఇంట్లో ఉన్న యంత్రపు నూనె పారదర్శక భాగాలను పగలగొట్టే ప్రమాదం ఉంది.

రంగు గీసుకుపోవడం మరొక సమస్య. మొదటిసారి మార్చకముందే, రెండు పలకలు ఒకదానిమీద ఒకటి జారే చోట్లను గుర్తించి ఫోటో తీసి పెట్టుకుంటే, మూడవసారి తరువాత ఎంత రంగు పోయిందో పోల్చి చూడవచ్చు. ఛాతీ అద్దాల అంచులు, పిడికిలి లోపలికి ముడుచుకునే చోటు, పొగగొట్టాల వెనుక భాగం ఎక్కువగా దెబ్బతింటాయి. పొగగొట్టాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. టకారా 2003లో మాస్టర్‌పీస్ అనే వరుసలో మొదటి బొమ్మగా తెచ్చిన ఆప్టిమస్ ప్రైమ్‌ను మరుసటి ఏడాది అమెరికాలో అమ్మినప్పుడు, అక్కడి భద్రతా నియమాల కోసం ఆ గొట్టాలను పొట్టిగా కత్తిరించి అమ్మారు. ఒకే అచ్చులో పోసిన బొమ్మ దేశాన్ని బట్టి మారవచ్చు కనుక, మరొకరి ఫోటోతో మీ బొమ్మను పోల్చి లోపం ఉందనుకునే ముందు అది ఏ దేశపు విడుదలో చూసుకోవాలి.

రోబో రూపంలో మొదట చూడవలసినది నిలకడ. రెండు కాళ్లను దగ్గరగా పెట్టి నిటారుగా నిలబెట్టి, బల్లను వేలితో మెల్లగా కొట్టండి. వెనక్కి పడిపోతే వీపు మీది బరువుకు తగిన మడమ లేదని అర్థం. లారీ భాగాలన్నీ వీపున చేరిన బొమ్మలో ఇది సాధారణం. పాదాలు పక్కలకు వంగగలిగితే కాళ్లు ఎడంగా పెట్టినా అరికాలు నేలకు ఆనుతుంది. ఈ ఒక్క కీలు లేనందువల్ల ఎంత బాగా చెక్కిన బొమ్మ అయినా కొయ్యలా నిలబడుతుంది. మోచేయి కనీసం లంబకోణం వరకు వంగాలి, నడుము తిరగాలి, తల పైకి చూడగలగాలి. 1984 నాటి బొమ్మలో వీటిలో చాలా వరకు లేవు. పిడికిళ్లు కూడా విడిగా వచ్చేవి, లారీగా మార్చేటప్పుడు వాటిని తీసి పక్కన పెట్టాల్సి వచ్చేది. దాన్ని ఆ కాలపు కొలతతోనే చూడాలి. అదే రూపాన్ని ఉంచి కీళ్లను మాత్రం పెంచి టకారా టోమీ (టోమీ సంస్థతో కలిశాక టకారాకు వచ్చిన పేరు) 2024లో మిస్సింగ్ లింక్ పేరుతో తెచ్చిన బొమ్మను పక్కన పెట్టి చూస్తే, నలభై ఏళ్లలో ఏది మారిందో ఒక్క చూపులో తెలుస్తుంది. నా మట్టుకు నాకు, ఛాతీ అద్దాలు లారీవే అయి ఉండడం కీళ్ల సంఖ్య కన్నా ముఖ్యం. అసలు అద్దాలను వీపున దాచి, ఛాతీ మీద అచ్చం వాటిలాంటివే మరొక జత అతికించిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా నన్ను మోసం చేసినట్టే ఉంటుంది.

ట్రైలర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1984 నాటి బొమ్మలో అది రోబో శరీరంలో కలవదు. తెరిస్తే యుద్ధ స్థావరంగా పరుచుకుంటుంది, లోపల మరమ్మతు చేసే చిన్న యంత్రం, రోలర్ అనే చిన్న బండి ఉంటాయి. క్యాబిన్‌కు తగిలించే కొక్కెం బిగువుగా ఉందా, తగిలించి లాగితే ముందు చక్రాలు లేస్తున్నాయా అన్నది చూస్తే చాలు.

పాత బొమ్మను కొనేటప్పుడు ముందుగా విడి భాగాలను లెక్కించండి. పిడికిళ్లు, తుపాకీ, రోలర్, క్షిపణులు, ఇంధనపు గొట్టం ఇవన్నీ సులువుగా పోయేవే. 1985 నుంచి ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల మీద వేడికి రంగు మారే చిన్న గుర్తును అతికించారు. వేలితో రుద్దితే అందులో దాగి ఉన్న రోబో ముఖం బయటపడుతుంది. తొలి విడుదలలకు అది లేదు కాబట్టి, గుర్తు లేనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు. తెల్ల, బూడిద రంగు భాగాలు పసుపు పచ్చబడటం ఎండ వల్లా కాలం వల్లా వచ్చే మార్పు. సముద్రతీర పట్టణాలలో నిలవ ఉన్న బొమ్మలలో స్క్రూల తలలు, పిన్నుల చివరలు తుప్పు పట్టి ఉంటాయి. విశాఖలో ఒకరి దగ్గర కొన్న బొమ్మకు బయట చిన్న గీత కూడా లేదు గానీ, మొదటిసారి మోకాలు మడవగానే తుప్పు పొడి రాలింది. అప్పటి నుంచి స్క్రూ తలల ఫోటోలు అడగకుండా నేను బేరం మాట్లాడటం లేదు.

నకిలీ బొమ్మల విషయంలో ముద్ర, వాసన అనే రెండింటిని చూడాలి. అసలు బొమ్మ మీద ఎక్కడో ఒకచోట, తరచుగా కాలి లోపలి వైపున, సంస్థ పేరూ తయారైన దేశమూ అచ్చులోనే పోసి ఉంటాయి. ఆ చోటు నున్నగా చెరిపేసినట్టు ఉంటే అనుమానించాలి. పెట్టె తెరవగానే ఘాటైన వాసన వస్తే ఆ బొమ్మను పిల్లల చేతికి ఇవ్వకూడదు. మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. విదేశాల నుంచి వచ్చే బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది. పెద్దవారి సేకరణ కోసం చేసిన ఖరీదైన బొమ్మలలో చిన్న భాగాలూ పదునైన అంచులూ ఉంటాయి కనుక, పెట్టె మీది వయసు అంకెను అలంకారంగా భావించకూడదు.

ధరను అన్నిటికన్నా చివర చూడమంటాను. దిగుమతి అయ్యే బొమ్మల మీద మూల సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. అందువల్ల అమెరికాలో ఉన్న బంధువు చెప్పే ధరతో ఇక్కడి ధరను పోల్చి బొమ్మ నాణ్యతను తక్కువగా అంచనా వేయడం పొరపాటు. ఒకే పరిమాణంలో, ఇక్కడే దొరికే మరొక లారీ రోబోతో పోల్చినప్పుడే ఆ అంచనాకు విలువ ఉంటుంది.

కీలు కొద్దిగా వదులుగా ఉన్నంత మాత్రాన బొమ్మను తిరిగి పంపనవసరం లేదు. బంతి కీలును ఊడదీసి, దాని తలకు రంగు లేని గోళ్ల పాలిష్‌ను పలుచగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి తిరిగి ఎక్కిస్తే బిగుతు వస్తుంది. తడిగా ఉండగా ఎక్కిస్తే అతుక్కుపోతుంది. పళ్ల చక్రం అరిగిన కీలు మాత్రం ఇంట్లో బాగుపడదు, తిరిగి పంపే గడువు ముగియకముందే దాన్ని తేల్చుకోవాలి. పరీక్ష ముగిశాక బొమ్మను ఎక్కువ కాలం నిలవ ఉంచాలనుకుంటే లారీ రూపంలోనే ఉంచండి. అప్పుడు తుంటి కీళ్ల మీద బరువు ఉండదు. అల్మారా కిటికీకి ఎదురుగా ఉంటే, ఎండ తగలని లోపలి అరలో పెట్టండి.