ఆంక్షలు సడలాక కరోనా నుంచి జాగ్రత్తగా ఉండటం ఎలా?

2021 జూన్ 20 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ వేళలను విడతల వారీగా సడలిస్తూ వచ్చారు. దుకాణాలు తెరుచుకున్నాయి, బస్సులు నిండాయి. ఆషాఢం రాగానే బోనాలు, ఆ వెంటనే శ్రావణంలో పెళ్లిళ్లు. వారాల తరబడి కూలి దొరకక, వ్యాపారం సాగక నలిగిపోయిన కుటుంబాలకు ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇంట్లోనే కూర్చోమని ఇక్కడ ఎవరికీ చెప్పబోవడం లేదు. బయటికి వెళ్లాలి, పనులు చేసుకోవాలి. కానీ 2021 ఫిబ్రవరిని మాత్రం మరచిపోకూడదు. అప్పుడు దేశం మొత్తం మీద రోజువారీ కేసులు పదివేల దగ్గరికి దిగాయి, మాస్కులు గడ్డం కిందికి జారాయి. మే మొదటి వారానికి రోజుకు 4 లక్షలు దాటాయి. ఈ రెండింటి మధ్య గడిచింది మూడు నెలలే.

ఆసుపత్రుల్లో మళ్లీ పడకలు దొరికాయి కాబట్టి ఆంక్షలు సడలించారు. అప్పటికీ వైరస్ మన మధ్యే తిరుగుతూ ఉండేది, అదీ ముందటి రకాలకన్నా వేగంగా వ్యాపించే డెల్టా రూపంలో. ఆంక్షలు సడలాక ఎక్కడ ఎలా మెలగాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

1. ప్రమాదం ఎక్కడుందో ముందు గుర్తించండి

కరోనా వచ్చినప్పటి నుంచి చాలా ఇళ్లలో జాగ్రత్తంతా వస్తువుల మీదే ఖర్చయింది. పాల ప్యాకెట్లు సబ్బుతో కడుగుతారు, కూరగాయలను గంటలకొద్దీ ఉప్పునీళ్లలో నానబెడతారు. అదే ఇంటికి చుట్టాలు వస్తే తలుపులు మూసి, ఏసీ వేసి, మాస్కులు తీసి సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకుంటారు. కరోనా ఎక్కువగా సోకేది ఈ రెండో చోటే. మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు పెద్ద తుంపరలు 2 మీటర్ల లోపే కింద పడతాయి. సూక్ష్మమైనవి గాలిలో తేలుతూ 10 మీటర్ల దాకా వెళ్లగలవని కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం 2021 మే నెలలో ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా చెప్పింది. మూసిన గదిలో అవి పేరుకుంటూ పోతాయి.

అందుకే ఎక్కడికి వెళ్లే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. అక్కడ గాలి ఆడుతుందా? ఎంతమందితో ఎంతసేపు ఉండాలి? మాస్కు తీయాల్సి వస్తుందా? ఈ లెక్కన చూస్తే రైతు బజారులో మాస్కు పెట్టుకుని పావుగంటలో కూరగాయలు తెచ్చుకోవడం పెద్ద ప్రమాదం కాదు. ఏసీ బట్టల షోరూములో ఇంటిల్లిపాదీ కూర్చుని పెళ్లి చీరలు ఎంచడం ప్రమాదం. ఏం కావాలో ముందే ఫోనులో ఫోటోలు చూసి తేల్చుకుని, ఇద్దరే వెళ్లి, షాపు తెరవగానే కొనుక్కుని వచ్చేస్తే అదే పని చాలా మేరకు సురక్షితం అవుతుంది.

ఇక వస్తువుల సంగతి. కూరగాయలకు మంచినీళ్లు చాలు, సబ్బు పెట్టకూడదు. బయటి నుంచి వచ్చాక చేతులు 20 సెకన్లు సబ్బుతో కడుక్కోవాలి. సానిటైజర్ అయితే అందులో ఆల్కహాలు కనీసం 60 శాతం ఉండాలి. అంతకుమించి దీని గురించి మనసు పాడుచేసుకోనక్కర్లేదు.

2. మాస్కును ముఖానికి సరిగ్గా బిగించండి

మాస్కు పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు. పక్కల ఖాళీలుంటే గాలి గుడ్డలోంచి కాకుండా ఆ ఖాళీల్లోంచే వస్తుంది, పోతుంది. సర్జికల్ మాస్కు పై అంచులో సన్నని తీగ ఉంటుంది. రెండు చేతుల వేళ్లతో ముక్కు మధ్య నుంచి బుగ్గల వైపు దాన్ని నొక్కుకుంటూ రండి. తర్వాత గట్టిగా ఊపిరి వదలండి. కళ్లకు వెచ్చగా తగిలినా, కళ్లద్దాలు మసకబారినా పైన ఖాళీ ఉన్నట్టే. చెవుల దగ్గర వదులుగా ఉంటే తాడుకు చిన్న ముడి వేసి, పక్కన పొంగిన మడతను లోపలికి దోపండి. ఆ పైన బిగుతైన గుడ్డ మాస్కు పెట్టుకుంటే సర్జికల్ మాస్కు ముఖానికి చక్కగా అతుక్కుంటుంది. ఎన్95 వాడేవారికి రెండోది అవసరం లేదు. దాన్ని ఉతకకూడదు. ముందు కవాటం ఉన్న మాస్కులు మనం వదిలే గాలిని వడపోయకుండా బయటికి పంపుతాయి కాబట్టి వాటిని కొనవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడేటప్పుడు మాస్కు తీయకపోవడం. ఫోను రాగానే, బేరం మొదలవగానే చెయ్యి దానంతట అదే మాస్కును కిందికి లాగేస్తుంది. తుంపరలు ఎక్కువగా వెలువడేది సరిగ్గా అప్పుడే. ఎదుటివారు తీస్తే 'అన్నా, కాస్త మాస్కు పెట్టుకో' అని అడగండి. అడగడం తప్పు కాదు.

3. గదిలో గాలి కదిలేలా చూడండి

వానాకాలంలో జల్లు కొడుతోందని కిటికీలు మూసేస్తాం. ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. ఎదురెదురుగా ఉన్న ఒక తలుపు, ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచినా గాలి మారుతుంది. కిటికీ దగ్గర టేబుల్ ఫ్యానును బయటి వైపు తిప్పి పెడితే లోపలి గాలిని తోసేస్తుంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను మనుషులు వచ్చినప్పుడు కూడా తిరుగుతూ ఉండాలి.

మీ గదిలో గాలి ఎలా ఆడుతోందో తెలుసుకోవాలంటే అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ వెంటనే పలచబడి బయటికి పోతే మంచిదే. అక్కడే సుడులు తిరుగుతూ నిలిచిపోతే, పక్కవారి ఊపిరి కూడా అలాగే నిలుస్తుంది. చిన్న కొట్లు, ట్యూషన్లు, టైలరింగ్ షాపులు నడిపేవారు ఒక్కసారైనా ఇలా చూసుకోవడం మేలు.

4. ప్రయాణాల్లో

షేర్ ఆటోలో వాన పడుతుంటే పరదాలు దించుతారు. వాన తగ్గగానే ఎత్తమని డ్రైవరును అడగండి. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అద్దం తెరవండి. దారిలో తినకుండా, ఫోనులో మాట్లాడకుండా ఉండటం కష్టమైన పనేమీ కాదు. వేళ మార్చుకునే వీలుంటే రద్దీకి ముందే బయలుదేరండి.

5. శుభకార్యాలు, పరామర్శలు

మాస్కు తప్పనిసరిగా తీసేది భోజనం దగ్గర. పెళ్లి పందిట్లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు, బంతి భోజనాలకు కూర్చోగానే భుజం భుజం తగులుతుంది, మాస్కులు జేబుల్లోకి వెళ్తాయి. శుభకార్యం మీ ఇంట్లోదే అయితే మూసిన ఫంక్షన్ హాలుకు బదులు షామియానా వేయించండి, లేదా మేడ మీద పెట్టుకోండి. పిలుపులు తగ్గించండి. ఒక కుటుంబం వారిని ఒకచోట కూర్చోబెట్టి, పక్క కుటుంబానికి దూరం ఉంచండి. భోజనాలను పొట్లాలుగా కట్టి ఇంటికి పంపగలిగితే అంతకన్నా మంచి మర్యాద లేదు. తాతయ్య, నానమ్మలు ముహూర్తం వేళకు వచ్చి, అక్షింతలు వేసి వెళ్లిపోయేలా వాహనం సిద్ధంగా ఉంచండి.

వెళ్లలేకపోతే ముందే ఫోను చేయండి. 'వదినా, ఇంట్లో అమ్మకు షుగరు ఉంది, ఇంకా రెండో డోసు పడలేదు. కొత్త జంట తర్వాత మా ఇంటికి రావాలి' అంటే ఎవరూ నొచ్చుకోరు.

పరామర్శల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2021 వేసవిలో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. చాలామందికి చివరి చూపు కూడా దక్కలేదు. ఇప్పుడైనా వెళ్లి పలకరించాలని మనసు లాగుతుంది, వెళ్లాలి కూడా. అయితే గదిలో అందరూ ఒకచోట చేరకుండా, అరుగు మీదనో ఆరుబయటనో కూర్చోండి. మాస్కు తీయవద్దు, కాఫీలు, భోజనాలు వద్దనండి, ఇద్దరు ముగ్గురికి మించి కలిసి వెళ్లవద్దు. పెద్దకర్మకు బలగమంతా ఒకేరోజు చేరితే, ఇప్పటికే దెబ్బతిన్న ఆ ఇంటి మీద మరో దెబ్బ పడవచ్చు.

6. టీకా గడువు తప్పవద్దు

2021 జూన్ 21 నుంచి 18 ఏళ్లు దాటిన అందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా టీకా వేశారు. అప్పటి నిబంధన ప్రకారం కొవిషీల్డ్ రెండో డోసు 12 నుంచి 16 వారాల మధ్య, కొవాగ్జిన్ అయితే 4 నుంచి 6 వారాల మధ్య వేయించుకోవాల్సి ఉండేది. తేదీని గోడ మీది క్యాలెండరులో రాసి పెట్టుకోండి. పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చు. కరోనా వచ్చి తగ్గినవారు మూడు నెలలు ఆగాలని 2021లో సూచించారు. డెల్టా రకం మీద ఒక్క డోసు రక్షణ చాలా తక్కువ. రెండో డోసు పడ్డ రెండు వారాలకు గాని పూర్తి రక్షణ రాదు. ఆ తర్వాత కూడా వైరస్ సోకవచ్చు, ఇతరులకు అంటించవచ్చు. కానీ ప్రాణం మీదకు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఇంట్లో టీకా పడని పిల్లలు, ఒకే డోసు పడ్డ పెద్దలు ఉంటే బయటి పనులు రెండు డోసులు పూర్తయినవారే చూసుకోవడం మంచిది.

7. ఒంట్లో నలతగా ఉంటే

వానాకాలంలో జ్వరం రాగానే 'తడిశాను కదా' అనుకోవడం సహజం. డెంగీ, టైఫాయిడ్ కూడా ఈ కాలంలోనివే. ఏ జ్వరమైనా సరే, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఆ రోజు నుంచే వేరే గదిలోకి మారండి. గది లేకపోతే కిటికీ పక్కన మంచం వేసుకుని, ఇంట్లో అందరూ మాస్కులు పెట్టుకోండి. ర్యాపిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలి.

రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే ఆక్సిమీటరుతో చూసేటప్పుడు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వేలు వెచ్చగా ఉన్నాక పెట్టి, అంకె నిలకడగా ఆగేదాకా వేచి చూడండి. నెయిల్ పాలిష్ తుడిచేయండి. ఆషాఢం గోరింటాకు పెట్టుకుని ఉంటే, పండని వేలితో చూడండి. 94 కన్నా తగ్గితే వెంటనే డాక్టరును సంప్రదించాలి. పక్కింటివారు వాడారని స్టెరాయిడ్లు మింగవద్దు. షుగరు ఉన్నవారిలో బ్లాక్ ఫంగస్‌కు అవి దారితీసిన ఉదంతాలు 2021 మే నెలలో ఎన్నో చూశాం. 2021లో సలహాకు 104కు గాని, 1075కు గాని ఫోను చేసే వీలుండేది.

2021 నాటి నిబంధన ప్రకారం స్వల్ప లక్షణాలతో ఇంట్లోనే ఉన్నవారు, లక్షణాలు మొదలై 10 రోజులు గడిచి, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉంటే బయటికి వచ్చే వీలుండేది. పాజిటివ్ అని తెలియగానే, లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి మీతో మాస్కు లేకుండా కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఫోను చేయండి. ఆఫీసులో కలిసి తిన్నవారు, ఇంటికి వచ్చిన చుట్టాలు, పనిమనిషి, పిల్లల ట్యూషన్ టీచరు, ఎవరినీ వదలవద్దు. వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందు వాళ్లకే చెప్పండి.