పాత బ్రిటిష్ బైక్ హబ్‌లు గుర్తుపట్టడం - 3వ పాఠం: నంబరు ఆఖర్న చూడండి

కిందటి పాఠంలో రిమ్‌ల సంగతి చూశాం. ఈసారి రిమ్ లేదు, స్పోక్‌లు ఎవరో కోసేశారు, తుప్పు, గ్రీజు కలిసి గట్టిపడిన హబ్, అంటే చక్రం మధ్యలో ఉండే భాగం, ఒక్కటే చేతికొచ్చింది అనుకోండి. చాలామంది వెంటనే దానిమీద నంబరు కోసం గీకడం మొదలుపెడతారు. అది ఆఖరి పని.

ముందు కిరోసిన్‌తో కడిగి, బ్రేక్ డ్రమ్ లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. అప్పటి కొలతలన్నీ అంగుళాల్లోనే కాబట్టి 152 మి.మీ. వస్తే 6 అంగుళాలు, 178 వస్తే 7, 203 వస్తే 8. డ్రమ్ అరిగినా, లేత్ మీద తీయించినా కాస్త ఎక్కువ చూపిస్తుంది. ముందు చక్రం హబ్‌కి 190 వచ్చిందంటే మాత్రం తొందరపడి పక్కన పడేయకండి, బీఎస్‌ఏ కంపెనీ గోల్డ్ స్టార్ మోడల్‌కి ఇచ్చిన పెద్ద బ్రేకు కొలత అదే.

తర్వాత స్పోక్ రంధ్రాలు. మామూలు హబ్‌లో స్పోక్ తల దగ్గర వంగి అంచులోకి దిగుతుంది. అంచు అలలు అలలుగా మడతలు పడి, వంపు లేని స్పోక్ తిన్నగా దూరేలా రంధ్రాలుంటే అది బీఎస్‌ఏ క్రింకిల్ హబ్. వెనక చక్రానిదైతే దాంట్లో డ్రమ్ ఉండదు, ఒక పక్క పళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఎందుకంటే చైనూ డ్రమ్మూ బండికే ఉండిపోయి చక్రం ఒక్కటే ఊడివచ్చేలా చేశారు. డ్రమ్ లేదు, విరిగిపోయిందేమో అని ఇలాంటివాటిని తుక్కులో వేసేస్తుంటే నిజంగా బాధేస్తుంది.

విపరీతంగా లావుగా, బరువుగా ఉన్న వెనక హబ్ కనిపిస్తే అది ట్రయంఫ్ స్ప్రంగ్ హబ్ కావచ్చు. ఎడ్వర్డ్ టర్నర్ డిజైన్, యుద్ధం అయ్యాక వచ్చింది, 1954లో స్వింగింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే చట్రం) రావడంతో దాని పని అయిపోయింది. సస్పెన్షన్ స్ప్రింగులు హబ్ లోపలే గట్టిగా నొక్కుకుని ఉంటాయి. స్ప్రింగుల్ని నొక్కి పట్టే సరైన జిగ్ లేకుండా విప్పితే ఎగిరొచ్చి మనిషిని కొడతాయి. దీన్ని గుర్తుపట్టడం వరకే మన పని, దయచేసి విప్పకండి.

శంకువులా ఒక పక్కకి సన్నబడితే 1971 మోడళ్ల కోనికల్ హబ్. దాన్ని బీఎస్‌ఏ, ట్రయంఫ్ రెండూ వాడాయి, కాబట్టి ఒక్క హబ్ చూసి ఏ కంపెనీ బండిదో తేల్చలేం. వెనక డ్రమ్‌కీ హబ్‌కీ మధ్య రబ్బరు దిమ్మలు కూర్చునే గదులుంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ అని మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్‌లోనూ అదే ఏర్పాటు.

ఇప్పుడు నంబరు. హబ్‌ని పోత పోసినప్పుడే దానిమీద వచ్చిన నంబరూ, పార్ట్స్ పుస్తకంలో ఉండే నంబరూ ఒకటే కానక్కర్లేదు. బీఎస్‌ఏ పార్టు నంబర్లలో ముందు 90 ఉంటే బాంటమ్ మోడల్, 40 ఉంటే సీ15 మోడల్, 68 ఉంటే ఏ65 మోడళ్ల కుటుంబం. ట్రయంఫ్‌లో పాత చక్రం పార్టులకి డబ్ల్యూ, తర్వాతి వాటికి 37. అయితే ఒక మోడల్‌కి గీసిన పార్టునే తర్వాత ఇంకో మోడల్‌కీ పెట్టేవాళ్లు, నంబరు మాత్రం పాతదే ఉంచేవాళ్లు. అందుకే అది పార్టు ఎక్కడ పుట్టిందో చెబుతుందే కానీ మీ చేతిలో ఉన్నది ఏ బండినుంచి ఊడిందో చెప్పదు.

వచ్చే పాఠం బ్రేక్ ప్లేట్లు. ఈలోపు మీ దగ్గరున్న ఒక హబ్‌కి డ్రమ్ కొలత, రెండు పక్కలా స్పోక్ రంధ్రాల లెక్క, బేరింగ్ లోపలి బయటి వ్యాసాలు రాసి పెట్టుకోండి. బేరింగ్‌ని పట్టి ఉంచే రింగ్ తిరక్కపోతే సుత్తి తీయకండి, కొన్నింటికి ఎడమచేతి మర ఉంటుంది, అంటే మామూలుకి వ్యతిరేక దిశలో తిప్పాలి.