పాత బండిని రిస్టోర్ చేస్తున్నారా? ఛాసిస్ నంబర్ జోలికి పోకుండా పని ఎలా పూర్తి చేయాలి?

"బాడీ బాగుంది సార్, పేపర్లే లేవు. ఇంకో బండి ఆర్సీ ఇప్పిస్తాను, ఆ నంబర్ దీనిమీద పంచ్ చేయించేద్దాం." పాత బండ్లు వెతికేవాళ్లకు ఈ మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. దయచేసి ఒప్పుకోకండి. ఒక బండి నంబర్‌ని ఇంకో బండికి ఎక్కించడం రిస్టోరేషన్ కాదు, నేరం. బండిమీద ఉన్న ఛాసిస్ నంబర్ (కంపెనీ బండి ఫ్రేమ్ లేదా బాడీ మీద పంచ్ చేసే గుర్తింపు నంబర్) గానీ, ఇంజన్ నంబర్ గానీ ఆర్సీలో ఉన్నదానితో కలవకపోతే, యజమాని చెప్పేది విన్నాక రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 55(5) చెబుతోంది. అది దొంగ బండి అని తేలితే ఫోర్జరీ, మోసం కేసులు కూడా మీద పడతాయి.

ముందు నంబర్ చదవండి, తర్వాతే బేరం

ఛాసిస్ నంబర్ మారుతి 800లో అయితే బానెట్ ఎత్తితే ఇంజన్ వెనకాల అడ్డంగా ఉండే రేకు మీద కనిపిస్తుంది. బుల్లెట్‌లో హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ దగ్గర ఉంటుంది. గ్రీజు, మట్టి ఉంటే కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. ఎమరీ పేపర్ మాత్రం పెట్టొద్దు. పల్చటి కాగితం అదిమిపట్టి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు అచ్చు పడతాయి. ఆ పెన్సిల్ ప్రింట్‌ను ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి.

చేత్తో కూడా తడిమి చూడండి. కంపెనీ పంచింగ్ అయితే అక్షరాల లోతు దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడ రేకు కొద్దిగా పల్లమైనా, చుట్టూ వెల్డింగ్ గీత తగిలినా, ఒక అంకె మాత్రం లోతుగా దిగినా అనుమానించాల్సిందే. ఇంకో చిన్న గుర్తు: ఛాసిస్ నంబర్ 17 అక్షరాలది అయితే అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు. పాత అంబాసిడర్, పద్మిని లాంటి బండ్లకు నంబర్ పొట్టిగా ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

తర్వాత కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఆర్సీ వివరాలు, ఫైనాన్స్ బాకీ చూడండి. దొంగతనం రికార్డు ఏదైనా ఉందేమో జాతీయ నేర రికార్డుల బ్యూరో ఆన్‌లైన్ సేవలో తెలుసుకోవచ్చు. 1989కి ముందు, నంబర్ ప్లేటు మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే పాత సిరీస్ బండ్ల వివరాలు ఆన్‌లైన్‌లో దొరక్కపోతే, ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి రికార్డు తీయించాలి. పేరు మార్పిడి పూర్తయ్యేదాకా బండిమీద పైసా ఖర్చు పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

టింకరింగ్ షాపులో

నంబర్లు చాలావరకు పాడయ్యేది ఇక్కడే, అదీ చెడ్డ ఉద్దేశం లేకుండానే. పెయింట్ గీకేటప్పుడు గ్రైండర్ పడుతుంది, పుట్టీ కింద అక్షరాలు మూసుకుపోతాయి. బండి విప్పకముందే తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీసుకోండి. నంబర్ మీద టేపు వేసి, ఆ చోట గ్రైండింగ్, శాండ్ బ్లాస్టింగ్ వద్దని మేస్త్రీకి దగ్గరుండి చెప్పండి.

తుప్పు అప్పటికే అక్షరాలను తినేసి ఉంటే మీ అంతట మీరు మళ్లీ పంచ్ చేయించకండి. పెన్సిల్ ప్రింట్, ఫొటోలు, ఆర్సీ పట్టుకుని ఆర్టీఏలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) బండి చూసి, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే పని. ఫ్రేమే విరిగిపోయి మార్చాల్సి వచ్చినా ఇదే దారి. పాత ఫ్రేమ్ నుంచి నంబర్ ముక్క కోసి కొత్తదానికి అతికించడం ఎంత నీట్‌గా చేసినా ట్యాంపరింగే.

ఇంజన్ మారిస్తే

ఇంజన్ మార్చడానికి చట్టంలో దారి ఉంది. వీలైతే ముందే అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా మార్చాల్సి వస్తే సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లోగా ఆర్టీఏకి తెలిపి, ఆర్సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. ఇంజన్ కొన్న బిల్లు, అది ఏ బండిదో చూపే కాగితాలు భద్రంగా పెట్టుకోండి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా ఇష్టమొచ్చిన మార్పులు చేస్తే 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

యాభై ఏళ్లు దాటిన బండి అయితే

2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద ‘వీఏ’ సిరీస్ నంబర్ తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ. 20,000, గడువు పదేళ్లు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి కూడా కుదరదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేర్ల వరకే.

విడిభాగాల కోసం కొన్న రెండో బండి

చాలామంది దీన్ని పట్టించుకోరు. డోర్లు, గేర్‌బాక్స్ తీసుకున్నాక ఆ బండిని ఆర్సీతో సహా పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే, ఆ కాగితాలు రేపు ఏ దొంగ బండికి అంటుకుంటాయో తెలియదు. ఇక నడవదనుకున్న బండి సంగతి 14 రోజుల్లో ఆర్టీఏకి రాసి, ఆర్సీ అప్పగించి రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. మిగిలిన బాడీని ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకోండి.