చలికి ముందు గరిక పచ్చికకు మాగిన ఎరువు

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో కార్తీకపు వానలు తగ్గుముఖం పట్టి, తెల్లవారుజామున మంచు కురవడం మొదలయ్యేలోగా ఇంటి ముందరి గరిక పచ్చికను చలికి సిద్ధం చేసుకోవాలి. వానలకు అణిగి గట్టిపడిన నేలను గునపం మొనతో జానెడుకొక చోట 3 అంగుళాల లోతున పొడిచి, జల్లించిన పశువుల ఎరువులో ఇసుక కలిపి, గరిక కొసలు పైకి కనబడేటట్లు పావు అంగుళం మందాన మాత్రమే పరచాలి. పిడికిట నొక్కి వదిలితే పొడిపొడిగా రాలి, తొలకరి మట్టి వాసన వచ్చేదే మాగిన ఎరువు. పచ్చి పేడతో కలుపు విత్తనాలు వచ్చి చేరతాయి కనుక దానిని ఎంతమాత్రమూ వేయవద్దని నా మనవి. చలిలో గరిక ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి ఒకేసారి గరిక ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. నీటిని సాయంత్రం కాక, ఎండ పొడ వచ్చాకే పెట్టాలి. రాత్రంతా తడిగా ఉన్న ఆకులకు శిలీంధ్ర తెగుళ్లు తేలికగా సోకుతాయి.